దేవదాసు: గ్రంథమునందును, తెరపైనను

గడ్డము పెంచి, తల దువ్వుకొనక, ఎవరు పలుకరించినను ముక్తసరిగా బదులిచ్చి ముఖము త్రిప్పుకొను పడుచువానిని జూచినచో, అక్షరజ్ఞానము లేని ముదుసలి సైతము "వీడు దేవదాసై పోయినాడు" అనును. పరభాషానవలలోని నాయకుని పేరు మన పల్లెలలో ఇంతగా వాడుకకు వచ్చుట అరుదు. ఆ మాటలో జాలి కలదు, కొంత పరిహాసము కలదు, లోలోపల ఏదో గౌరవమును కలదు. జాలికిని పరిహాసమునకును కారణము స్పష్టమే. ఆ గౌరవ మెక్కడనుండి వచ్చినదన్నదే ఇచ్చట విచారింపదలచిన విషయము. అది శరద్బాబు నవలనుండి మాత్రము రాలేదని మా దృఢాభిప్రాయము.

శరత్చంద్ర చట్టోపాధ్యాయుడు ఈ నవలను తన యౌవనమున వ్రాసి, పెక్కేండ్లు అచ్చునకీయక దాచియుంచెను. 1917లో అది గ్రంథరూపమున వెలువడినది. తన రచనలలో దీనిని గూర్చి గ్రంథకర్తకే కొంత సంకోచముండెను. ఆ సంకోచమును లోకము పాటింపలేదు. 1928లో మూగచిత్రముగా మొదలై, 1935లో కలకత్తా న్యూ థియేటర్సువారి బెంగాలీ వాక్చిత్రముగా, మరుసటి యేడు సైగల్ నటించిన హిందీ చిత్రముగా, 1953లో తెలుగునను తమిళమునను, 1955లో బొంబాయియందు బిమల్ రాయ్ చేతిలో, 2002లో సంజయ్ లీలా భన్సాలీ చేతిలో, ఇట్లు అది మరల మరల తెర కెక్కినది. ఒకే కథను ఇన్నిమారులు తీయుటలో ఒక సౌకర్యమున్నది. ప్రతి తరమువారును ప్రణయమును దేనిగా భావించిరో, నీతిని ఎచ్చట నిలిపిరో, ఆ చిత్రములను ప్రక్కప్రక్కన బెట్టి చూచిన తెలియును.

మొదట గ్రంథమును చూతము. తాళసోనాపుర జమీందారు ముఖోపాధ్యాయుని రెండవ కుమారుడు దేవదాసు. ప్రక్కయింటి చక్రవర్తుల పిల్ల పార్వతి. ఇద్దరును బ్రాహ్మణులే. అయినను చక్రవర్తుల వంశమున ఆడుపిల్లకు సొమ్ము పుచ్చుకొని పెండ్లిచేయు వాడుక యుండుటచే జమీందారువారికి ఆ సంబంధము చిన్నతనముగా తోచినది. పైగా ఇరుగుపొరుగున వియ్యమా యని వారికి రోత. కన్యాశుల్కము పేరు వినియున్న మనకు ఈ చిక్కు తేలికగానే బోధపడును. గురజాడవారు 1892లో నాటకముగా ఆడించి తెలుగువారిచే నవ్వించిన దురాచారమే బెంగాలు పల్లెలో ఇట్లు ఒక పిల్ల బ్రతుకునకు అడ్డుపడినది.

ఇక నవలకంతటికిని కీలకమైన ఘట్టమొకటి. వేరొకచోట పెండ్లి కుదురుచున్నదని తెలిసి పార్వతి నడిరేయి ఒంటరిగా జమీందారు లోగిలి దాటి, నౌకర్లు మేలుకొనియుండు నను వెఱపుకూడ లేక, దేవదాసు గది ప్రవేశించును. అతడు మొట్టమొదట కలవరపడునది ఎవరైన చూచిరేమో యని! రేపు ఆమె తల యెట్లెత్తుకొని తిరుగునని. తన సిగ్గును కప్పువాడు అతడే యను నమ్మకముతో వచ్చితినని ఆమె భావము. తల్లిదండ్రులు సమ్మతింపరే యని అతని నసుగు. ఇరువురిలో ధైర్య మెవరిది? గ్రంథకర్త దీనిని చాటి చెప్పలేదు. చెప్పవలసిన పనియు లేకపోయినది. కులస్త్రీ నడిరేయి పరపురుషుని గదికి పోవుట ఆనాటి నీతికి ఘోరమైన తప్పు. చదువరి మాత్రము ఆ తప్పుచేసిన దానిపక్షము వహించి, తప్పుచేయని వానిని చూచి తలవంచుకొనును. శరద్బాబు నీతిశాస్త్ర మంతయు ఈ ఒక్క గదిలో నున్నది.

తండ్రి కాదనగానే దేవదాసు కలకత్తాకు పరుగెత్తి, అచ్చటినుండి పార్వతిపై తనకు అంత గాఢమైన ప్రేమ యెన్నడును లేదని, తన్ను మఱచిపొమ్మని జాబు వ్రాయును. జాబు టపాలో వేసిన మరుక్షణమే పశ్చాత్తాపము. తిరిగి వచ్చి చెఱువుగట్టున ఆమెను కలిసికొన్నపుడు, నీకు తల్లిదండ్రులున్నట్లే నాకును ఉన్నారు, నీకు అభిమానమున్నట్లే నాకును ఉన్నది అను తీరున ఆమె బదులు చెప్పును. తండ్రి యెదుట నోరెత్తలేనివాడు ఇచ్చట చేతనున్న గాలపుకఱ్ఱ యెత్తి ఆమె నుదుటిపై కొట్టును. నెత్తురు కారును, మచ్చ పడును. ఆ మచ్చను పార్వతి జీవితాంతము దాచుకొన్నమాట నిజమే. దానిని గ్రంథకర్త ఖండింపనిమాటయు నిజమే. కాని ఆ దెబ్బకు ముందు పుటలలో ఆ చేయి ఏమేమి చేయలేకపోయినదో ఆయన పూసగ్రుచ్చినట్లు చెప్పియున్నాడు. చదివిన వానికి అది ప్రణయచిహ్నముగా తోచుట కష్టము.

తరువాతి కథ యందరు నెఱిగినదే. పార్వతి హాతీపోతా జమీందారు భువన చౌధురికి రెండవ భార్య యగును. అతడు నలుబది దాటినవాడు, ఎదిగిన బిడ్డలు గలవాడు. ఆ యింట ఆమె వంటిమీది నగలన్నియు ఒలిచి సవతికూతురు యశోమతికిచ్చి ఆ పిల్ల అలుక తీర్చును, అన్నదానములు చేయించును, ఇల్లంతయు ఆమె మాటపై నడచును. ఈ భాగమును నవలలో పుటలకొలది చదువుదుము. దేవదాసు త్రాగుచున్న కాలమున పార్వతి పనిచేయుచున్నదని గ్రంథకర్త మనకు గుర్తుచేయుచునే యుండును. ఇక చంద్రముఖి, అతడు తన్ను అసహ్యించుకొన్నందుకే మారిన వేశ్య, తన వృత్తి మాని పల్లెకు పోయి పేదబ్రతుకు బ్రదుకును. కడపట వీడ్కోలువేళ, పాపపుణ్యముల లెక్క దైవ మెట్లు చూచునో తానెఱుగననియు, మరణానంతరము కలిసికొనుటయే యున్నయెడల ఆమెను విడిచి దూరముగ నుండజాలననియు దేవదాసు ఆమెతోనే చెప్పును. గమనింపుడు, పార్వతితో గాదు. ఈ మాటను తెరమీద అంత బరువుతో పలికించిన చిత్రము మా యెఱుకలో లేదు.

ఇట్టి కథ తెరమీదికి పోయినపుడు ఏమయినది?

ప్రమథేశ బారువా 1935 నాటి చిత్రమును తానే దర్శకుడై, బెంగాలీలో తానే నాయకుడై తీసెను. ఆయన అస్సాము గౌరీపుర జమీందారు కుమారుడు. దేవదాసు మేడలో పుట్టిపెరిగిన తీరు ఆయనకు ఒకరు చెప్పనక్కఱలేదు. ఆ చిత్రములో విమర్శకులు నేటికిని మెచ్చుకొను పనితన మొకటి కలదు. రైలులో జ్వరతీవ్రతచే దేవదాసు కేక వేయును. ఎక్కడో దూరమున తన యింట పార్వతి తొట్రుపడును. అతడు పలకమీదినుండి క్రిందపడును. కత్తిరించి అతికిన ఈ మూడు ముక్కలతో ఇద్దరి ప్రాణములును ఒక్కటే యని ప్రేక్షకునకు నమ్మకము కుదిరినది. నవలలో ఇట్టి దివ్యసంబంధము లేదు. పార్వతి అచ్చట తన పనిలో తానుండును. అతడు రైలులో ఒంటరిగా చచ్చుచుండును. ఆ ఒంటరితనమే శిక్ష. బారువా దానిని విధిగా మార్చెను. విధి యనగానే నేరము మాయమగును. విధివంచితునిపై తీర్పు చెప్ప నెవనికి నోరాడును?

మన తెలుగు చిత్రము 1953 జూను నెలలో వచ్చినది. వేదాంతము రాఘవయ్య దర్శకుడు, డి.యల్. నారాయణ నిర్మాత, సముద్రాల రాఘవాచార్యులు మాటలు పాటలు వ్రాసినవారు, సి.ఆర్. సుబ్బరామన్ సంగీతము కూర్చి చిత్రము వెలువడకముందే 1952లో పరమపదించినవారు. అక్కినేని నాగేశ్వరరావు దేవదాసు, సావిత్రి పార్వతి, లలిత చంద్రముఖి. నటనకు వంక పెట్టువాడు సాహసికుడు. సావిత్రి కన్నులలోని రోషము శరద్బాబు పార్వతికి దగ్గఱ బంధువు. ఈ చిత్రముతోనే దేవదాసు బెంగాలీతనము వదలి మన యింటివాడయినాడు. మంచిదే. కాని అతడు మన యింటికి వచ్చునపుడు వెంట నొక క్రొత్త వస్తువును దెచ్చుకొనెను. అది పాట.

నవలలో దేవదాసునకు మాటలు రావు. తన మనస్సు తనకే తెలియదు, తెలిసినపుడు ఆలస్యమగును, ఆలస్యమైన పిమ్మట సీసా ముందు కూర్చుండును. త్రాగినవాడు పలుకు పలుకులుగూడ ముక్కలు ముక్కలు. అట్టి మూగవానికి తెరమీద ఘంటసాల గళము లభించినది, సముద్రాలవారి వేదాంతము లభించినది. మత్తులో నున్నవాడు జగత్తు యొక్క అసారతను, సుఖదుఃఖముల ఏకత్వమును గూర్చి అంత మధురముగ పాడుచుండగా వినువాడు వానిని త్రాగుబోతుగ నెట్లు చూచును? విరాగిగ చూచును. మన దేశమున వైరాగ్యమునకు మ్రొక్కుట పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇల్లు విడిచినవాడు, ఆస్తి లెక్కచేయనివాడు, గడ్డము పెంచినవాడు, తత్త్వము పాడువాడు: ఈ లక్షణములన్నియు మనకు పూర్వపరిచితములు. తెలుగు ప్రేక్షకుడు దేవదాసులో నొక సగము యోగిని చూచెను. మేము మొదట చెప్పిన గౌరవమునకు మూలమిదియే. కథ మార్చకయే, ఒక దృశ్యమునైనను అబద్ధముగా చూపకయే, కేవలము ఒక స్వరమును చేర్చి కథలోని నీతిని తలక్రిందు చేయవచ్చునని ఈ చిత్రము ఋజువు చేసినది.

కాలమును గూడ కొంచెము గమనింపవలయును. చెన్నరాష్ట్రమున ఎస్టేటుల రద్దు శాసనము 1948లో వచ్చినది. జమీందారీలు పోయిన అయిదేండ్లకు, కొడుకు బ్రతుకు పాడుచేసిన జమీందారు తండ్రిగా యస్.వి. రంగారావు తెరపై నిలిచినపుడు, జనము తప్పంతయు ఆయన నెత్తిన రుద్దుటకు సిద్ధముగ నుండెననుట ఆశ్చర్యము గాదు. తండ్రి దోషి యయినకొలది కొడుకు నిర్దోషి యగును. అంతకంటె చిత్రమైనది మఱొకటి. ఆ 1953లో చెన్నరాష్ట్రమంతట మద్యనిషేధము అమలులో నున్నది. బజారులో సీసా పట్టుకొన్నవానికి జైలు. తెరమీద సీసా పట్టుకొన్నవానికి కన్నీటి నీరాజనము. మరుసటి యేడు నవంబరులో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము ఆ మద్యనిషేధ ప్రశ్నమీదనే శాసనసభలో ఓడి పదవి విడిచినది. సినిమావలన మంత్రివర్గములు పడవు. అట్లని మేమనుట లేదు. కాని శాసనమొక ప్రక్కకును హృదయమొక ప్రక్కకును లాగుచున్న కాలమది యని మాత్రము చెప్పవచ్చును.

బిమల్ రాయ్ హిందీ చిత్రము గంభీరమైనది, నవలకు వినయముగ నున్నది. సైగల్ చిత్రమునకు ఛాయాగ్రాహకుడుగా పనిచేసిన ఆయన ఇరువదేండ్ల తరువాత దిలీప్ కుమారుతో అదే కథను తీసెను. అందులో ఆయన చేర్చిన చిన్న దృశ్యమొకటి మాకు మిక్కిలి నచ్చినది. నవలలో పార్వతియు చంద్రముఖియు ఎన్నడును కలిసికొనరు. ఈ చిత్రములో ఒకతె పల్లకిలో, ఒకతె కాలినడకను, దారిలో ఎదురుపడి ఒకరినొకరు చూచుకొందురు, మాటలేదు, దారిని పోవుదురు. కులస్త్రీకిని వెలయాలికిని నడుమ నాటి సంఘము గట్టిన గోడ ఎంత యెత్తో, ఆ గోడకు కన్ను లెంత సందు చేయగలవో ఆ రెండు నిమిషములలో తెలిసినది. చంద్రముఖిగా నటించిన వైజయంతిమాల తనకిచ్చిన సహాయనటి బహుమానమును, తన పాత్ర పార్వతి పాత్రకు తీసిపోదని త్రోసిపుచ్చెను. శరద్బాబు ఉండినచో ఆమె మాటనే బలపఱచెడివాడేమో!

2002లో భన్సాలీ చేసినది వేరు. ఆయన దేవదాసు కలకత్తానుండి గాక లండనునుండి వచ్చును. ఇండ్లు కోటలయినవి, దీపములు వేలయినవి. కథలో దుష్టపాత్రగా వదినెను పెంచి, తల్లులచేత కయ్యమాడించి, పెండ్లి చెడుటకు పదిమంది కారకులను సమకూర్చెను. ఇంతమంది శత్రువులున్నపుడు నాయకుని పిఱికితనము ఎవనికి కనబడును? పార్వతి దేవదాసు పేర దీపము వెలిగించి ఆరనీయక కాపాడుచుండును. ప్రేమ పూజ యయినది. బిమల్ రాయ్ చూపులతో ముగించిన సమాగమము ఇచ్చట ఇద్దరు స్త్రీలును కలిసి పండుగనాడు చేయు నాట్యమయినది. నాట్యము కన్నులపండువే. అయితే జమీందారు కోడలును వేశ్యయు ఒక్క చావడిలో అంత సులువుగా నాడగలిగిన లోకములో పార్వతి నడిరేయి నడకకు అర్థమేమి మిగులును? కట్టడి లేనిచోట తెగువకు విలువ యుండదు.

ఇది మన దేశపు దోషమే యని పాఠకులు తలంపరాదు. ఆంగ్లమున ఎమిలీ బ్రాంటీ 1847లో ప్రకటించిన 'వుదరింగ్ హైట్స్' నవలలో నాయకుడు హీత్‌క్లిఫ్ ప్రియురాలి మరణానంతరము రెండవ తరమువారిమీద పగ సాధించు క్రౌర్యమే సగము గ్రంథము. 1939లో విలియం వైలర్ తీసిన చిత్రమున ఆ సగము పోయినది. క్రూరుడు పోయి ప్రేమికుడు మిగిలినాడు. తుదకు ఇద్దరి ఛాయలును చేయిచేయి పట్టి కొండపై నడచిపోవుచుండ ప్రేక్షకులు కన్నులు తుడుచుకొనిరి. నవలలో గ్రంథకర్త ఒక్క వాక్యమున జాలిపడి మరువాక్యమున మందలింపగలడు. తెరమీద నటుని ముఖము నిలువెత్తున నిలిచినపుడు మందలించు గొంతుకకు చోటు చాలదు. అందగాడైన నటుడు ఏడ్చినచో ధర్మమును వానితోపాటు ఏడ్చును.

అయినను ఈ పరంపరలో ఒక అపవాదము కలదు. 2009లో అనురాగ్ కశ్యప్ ఇదే కథను పంజాబునకును ఢిల్లీకిని మార్చి 'దేవ్ డి' యను పేర తీసెను. పెద్దలు పిల్లలతో కూర్చుండి చూడదగిన చిత్రము గాదు. భాష మొరటు, దృశ్యములు మొరటు. కాని అందులో నాయకుడు పిల్లను విడుచుటకు కారణము తండ్రియు గాదు, వదినెయు గాదు. ఎవడో చెప్పిన చెడ్డమాట విని ఆమె శీలమును శంకించుట. ఆ పిల్ల అతనికొఱకు దీపములు పెట్టదు. పెండ్లి చేసికొని తన సంసారము తాను చక్కబెట్టుకొని, అతని మురికిగదికి వచ్చి బట్టలుదికి, నీకు నీవే తప్ప ఎవరును అక్కఱలేదను ధోరణిని ముఖముమీద చూపి పోవును. నాయకుడు చావడు కూడ. వెలయాలితో క్రొత్త బ్రతుకు మొదలుపెట్టును. అక్షరమునకు ఇంత దూరమయిన చిత్రము తీర్పులో నవలకు మిగిలిన అన్నిటికంటె దగ్గఱగా వచ్చినదనిన కొందఱికి కోపము రావచ్చును. తప్పు ఎవరిదో అది దాచలేదు.

ఇదంతయు సాహిత్యచర్చ, దీనివలన లోకమునకు లాభనష్టము లేవి యని అడుగువారుందురు. తెలుగునాట త్రాగుడు పాటలో నున్నంత తీయగా ఇంటిలో నుండలేదు. 1992లో నెల్లూరు మండలము దూబగుంటలో కూలిచేసికొను స్త్రీలు సారాకొట్లకు ఎదురు తిరిగిరి. ఆ నిప్పు జిల్లాలన్నిట ప్రాకి, 1993లో సారా నిషేధమునకును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసినది. రెండేండ్లకే ఆ నిషేధము సడలినది, అది వేఱు కథ. ఆ స్త్రీలకు దేవదాసు ప్రతిసాయంత్రమును కనబడుచునే యుండెను: కూలిడబ్బు కొట్టులో పోసి ఇంటికి వచ్చి చేయి చేసికొనువాని రూపమున. వానికి నేపథ్యసంగీతము లేదు. 2017లో వచ్చిన 'అర్జున్ రెడ్డి' ఏ నవలకును చిత్రరూపము గాకపోయినను దేవదాసు వంశములోనిదే యని విమర్శకులు గుర్తించిరి. అందులో నాయకుడు త్రాగును, తిట్టును, చేయి యెత్తును. తుదకు పిల్లయు దక్కును. నవలలోని దేవదాసునకు తన దోషమునకు ఫలము మరణము, ఇతనికి బహుమానము. నూఱేండ్లలో ప్రణయమునకు మనము ఇచ్చిన చనవు ఎంతదూరము వచ్చినదో ఈ రెంటి నడుమ కొలిచికొనవచ్చును.

పడుచువారు చిత్రములు చూడరాదని మేము చెప్పము. చూడవలసినదే, 1953 నాటి మన చిత్రమును మేమును పలుమారులు చూచియున్నాము. చూచినవారు నవలను గూడ చదువవలయును. శరద్బాబు గ్రంథములు చక్రపాణి మొదలగువారి మూలమున ఏనాడో తెలుగులోనికి వచ్చినవి. ముఖ్యముగ కడపటి పుటలు చదువవలయును. చిత్రములలో పార్వతి పరుగెత్తుట, ఎదుట పెద్ద తలుపులు మూతపడుట ఒక సంప్రదాయమై పోయినది. భన్సాలీ చిత్రములో కొనయూపిరితో నున్న దేవదాసు ఆమె రాకను చూచుచుండగనే తలుపులు మూయుదురు. నవలలో అట్టి చూపు లేదు. తన మరణమునకు ముందొకమారు ఆమె వాకిటికి వత్తునన్న మాట నిలుపుకొనుటకై అతడు పాండువాలో రైలు దిగి ఎడ్లబండిలో రెండుదినములు ప్రయాణముచేసి హాతీపోతా చేరును. రావిచెట్టు క్రింద తెల్లవారువఱకు పడియుండి మరణించును. ఏ కులమువాడో తెలియదని ఊరివా రెవరును పీనుగును ముట్టరు. చండాలురు కొనిపోయి చెఱువుగట్టున సగము కాల్చి విడుతురు. ఇదంతయు ముగిసిన పిమ్మట సాయంకాలము పార్వతికి చనిపోయిన వాని పేరు తెలియును. ఆమె పరుగెత్తగా పట్టుకొందురు, స్మృతి తప్పును. మరునాడు తెలివి వచ్చిన తరువాత దాసిని పిలిచి ఒక్కటే అడుగును: అతడు రాత్రియే కదా వచ్చినది, రాత్రి యంతయు అచ్చటనే యుండెనా, యని. తరువాత ఏమియు పలుకదు. ఆమె గతి యేమయినదో తనకు తెలియదని గ్రంథకర్త చెప్పి, ఆ దౌర్భాగ్యునికొఱకు ఒక్క కన్నీటిబొట్టు మాత్రము మనల నడుగును.